ఇథెల్ ప్రోబర్ట్ ఇంట్లో పందొమ్మిది మంది

ఆ మంగళవారం పొద్దున నెస్టా పెట్టుకున్న పని చాలా చిన్నది. చర్చికి వెళ్ళి టీ పండుగకి తమ బల్ల పేరు రాయించడం, వచ్చే దారిలో నల్ల కేకుకి ఎండుద్రాక్ష కొనుక్కోవడం. బడికి చలికాలం సెలవులు. ఏడాది పొడుగునా బడిపిల్లలందరికీ వండిపోసే మనిషికి ఇంట్లో ముగ్గురికి వండటం ఒక లెక్కా! మధ్యాహ్నానికల్లా పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చనుకుంది. పాపం, అనుకోవడానికేం, ఎవరైనా అనుకోవచ్చు.

భూమికి దక్షిణపు కొసన, జూలైలో చలికాలం వచ్చే చుబుత్ లోయలో, జూలై ఇరవై ఎనిమిది అంటే వెల్ష్ పెద్దలు వేల్స్ నుంచి వచ్చి ఓడ దిగిన రోజు. ఆ రోజు గైమన్ ఊళ్ళో, చర్చి వెనక హాల్లో, ఏ కుటుంబం బల్ల ఆ కుటుంబానిదే. సొంత గుడ్డ పరుచుకుని, సొంత కేకు కోసుకుని, సొంత టీ కాచుకుంటారు. బల్ల కొసన అట్టముక్క మీద ఇంటిపేరు నిలబెడతారు. హంఫ్రీస్ వాళ్ళ బల్ల ఈ గోడ దగ్గర మొదలై ఆ గోడకి తగులుతుంది. ప్రోబర్ట్ వాళ్ళ బల్ల తలుపు పక్కన ఉంటుంది. దానికి కుర్చీలు మూడు: నెస్టాకి, ఆమె తల్లి గ్వెండాకి, నెస్టా మొగుడు రమీరోకి. ప్రోబర్ట్ అనేది తల్లివైపు పేరు. తండ్రి సంగతి ఎత్తితే గ్వెండా కేకు కోసే కత్తి చేతిలోకి తీసుకుంటుంది కాబట్టి మనం కూడా ఎత్తవద్దు. తలుపు తీసినప్పుడల్లా గాలి వచ్చి ముందు వాళ్ళ టీనే చల్లార్చేది. అయినా ఎనభై ఆరేళ్ళ గ్వెండాకి ఆ మూల బల్ల అంటే ప్రాణం. ఆమె తాత ఇథెల్ ఒక్కడే కూర్చుని మొదలుపెట్టిన బల్ల అది.

"మీ పేరు రాయడం కుదరదు అమ్మాయ్," అంది సెరిస్ హంఫ్రీస్, టీ సంఘం అధ్యక్షురాలు.

"ఎందుకు కుదరదు అక్కా?"

"కొత్త నిబంధన పెట్టాం. ఎనిమిది మంది లేని కుటుంబానికి విడిగా బల్ల ఉండదు. హాలు చాలట్లేదు. చిన్న కుటుంబాలన్నిటినీ కలిపి వంటగది పక్కన ఒకటే బల్ల వేస్తున్నాం, టూరిస్టులతో పాటు."

"మా అమ్మని టూరిస్టుల మధ్య కూర్చోబెడతారా!"

"ఏం, వాళ్ళు మనుషులు కారా? ఫోటోలు తీస్తారు. మీ అమ్మకీ కాలక్షేపం."

"అసలీ నిబంధన ఎవరు పెట్టారు?"

"సంఘం."

"సంఘంలో ఎవరెవరున్నారు?"

"నేను, మా చెల్లెలు, మా ఆడపడుచు," అంది సెరిస్, అందులో దాచాల్సిందేమీ లేనట్టు.

నెస్టా ఎండుద్రాక్ష మాట మరిచిపోయి ఇంటికొచ్చేసింది. సంగతి విన్న గ్వెండా, "పోనీలేవే, ఏ బల్లయితే ఏం, టీ వేడిగా ఉంటే చాలు," అంది. అని లోపలికి వెళ్ళింది. కాసేపటికి నెస్టా తొంగిచూస్తే, ముసలామె బీరువాలోంచి ఆ ప్రోబర్ట్ అట్టముక్క తీసి, నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టేస్తోంది.  నెస్టాకి ఒళ్ళు మండింది. ఇంకో ఐదుగురు ప్రోబర్ట్‌లు కావాలి, అంతే కదా! భూమిని తవ్వైనా తెస్తాననుకుంది.

"ఐదుగురే కదే, మా అన్నదమ్ములని పిలుస్తాను," అన్నాడు రమీరో, మాతే ఆకుల కషాయం గొట్టంతో పీలుస్తూ. అతను లారీల మెకానిక్కు. ఉత్తరాది నుంచి వచ్చినవాడు, వెల్ష్ రక్తం చుక్క కూడా లేదు.

"మీవాళ్ళు ప్రోబర్ట్‌లు కారు."

"టీ తాగడానికి ఇంటిపేరు ఎందుకే?"

"ఇక్కడ కావాలి. నోరు మూసుకుని అది పీల్చు."

ఇథెల్ ప్రోబర్ట్ గురించి ఇంట్లో తెలిసింది తక్కువ. రైలు పట్టాలు వేసే పనికి మనుషులని తెచ్చిన ఓడలో, కుర్రవయసులో, ఒంటరిగా దిగాడట. ఒంటి మీద కోటు, చేతిలో గొడుగు. "ఈ గాలికి గొడుగు తెచ్చుకున్నాడంటేనే తెలియట్లేదూ, మంచిచెడ్డా చెప్పే మనిషి ఒక్కరూ లేరని," అనేది గ్వెండా ఎప్పుడూ, నవ్వుతూనే. నవ్వాక మాత్రం కళ్ళు తుడుచుకునేది.

పద్దెనిమిది వందల తొంభై అయిదు నాటి జనాభా లెక్కల కాగితాలని ఎవరో పుణ్యాత్ములు ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. బుధవారం పొద్దున నెస్టా కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో ఆ పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. పాలు పొంగాయి, రొట్టె మాడింది, రమీరో ఆకలితోనే పనికి పోయాడు. చివరికి దొరికింది. 'ప్రోబర్ట్, ఇథెల్. మగ. ఇరవై ఎనిమిది. పెళ్ళి కాలేదు. రైతు.' అంతటితో ఆగితే కథే లేదు. దాని కింద అదే ఇంట్లో ఇంకో పందొమ్మిది పేర్లున్నాయి! ఇంటిపేరు రాయాల్సిన చోట ప్రతి పేరుకీ రెండేసి చిన్న గీతలు. పైనున్నదే కిందా అని అర్థం.

"అమ్మా! మీ తాత ఒంటరివాడు కాదే! పందొమ్మిది మంది ప్రోబర్ట్‌లు!"

"పందొమ్మిది మందా? మరి నాకు ఒక్కరి పేరూ చెప్పలేదేమే?"

"పోట్లాడుకుని విడిపోయుంటారు. సొంతవాళ్ళన్నాక అంతే కదా."

గ్వెండా ఫోన్ తీసుకుని ఆ పేర్ల మీద వేలు పెట్టి చూసుకుంది. అక్షరాలు ఆమెకి ఆనవు, అయినా చూసుకుంది. సాయంత్రం ఇంటికొచ్చిన రమీరో కూడా చూసి బుర్ర గోక్కున్నాడు. "మీ ఇథెల్ తాత మట్టింటికి ఉన్నవి రెండు గదులు. ఇరవై మంది ఎక్కడ పడుకున్నారే? నిలబడి నిద్రపోయారా?"

"మనసుంటే చోటు అదే దొరుకుతుంది," అంది నెస్టా. మరి తమ ఇంట్లో, చుట్టపుచూపుగా వచ్చిన రమీరో అక్కకి పరుపు వెయ్యడానికి చోటు దొరకలేదన్న సంగతి అతను గుర్తు చెయ్యబోయి, మాడిన రొట్టె కూడా దక్కదని ఊరుకున్నాడు.

మర్నాడు నెస్టా మందుల కొట్టుకి వెళ్ళింది. ఆ పేర్లలో బ్లాడ్వెన్, ఇరవై రెండు, ఆడ, అని ఒకటుంది. కొట్టు యజమాని ఎమ్రిస్ ముత్తవ్వ పేరు అదే.

"ఎమ్రిస్ అన్నయ్యా, మీ ఇంటి బైబిల్ ఒకసారి తీస్తావా?" అంది. అన్నయ్యా అని అప్పటికి మర్యాదకి పిలిచిందే, కాసేపట్లో నిజం చుట్టరికమే అయి కూర్చుంది. బైబిల్ మొదటి పేజీలో ముత్తవ్వ పుట్టిన ఏడు సరిగ్గా సరిపోయింది. పుట్టింటి పేరు మాత్రం రీస్ అని ఉంది.

"మరి ఇక్కడ రీస్ అని ఉందే?" అన్నాడు ఎమ్రిస్.

"అది మీవాళ్ళు రాసుకున్నది. ఇది సర్కారు రాసింది. సర్కారుకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?"

ఈ దేశంలో పుట్టి పెరిగిన మనిషి నోట ఈ మాట వస్తుందని ఎవరూ అనుకోరు. ఎమ్రిస్ కూడా నోరెళ్ళబెట్టాడు. కానీ అతనిదీ నలుగురి కుటుంబమే. అతని బల్లా ఊడింది, అతనికీ టూరిస్టుల మధ్యే చోటు. అందుకని త్వరగానే నమ్మేశాడు.

ఇంతలో అతని భార్య లూనెడ్ మందుల అరల వెనక నుంచి తల బయటికి పెట్టింది. "మా ముత్తాత గ్విలిం. అందులో ఉన్నాడేమో చూడవే."

నెస్టా చూసింది. ఉన్నాడు. ముప్పై మూడేళ్ళు, మగ, ఇంటిపేరు చోట రెండు గీతలు. మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది.

"అదీ సంగతి!" అంది లూనెడ్ చివరికి. "అరిగిపోయిన సబ్బు ముక్కలు మీ అమ్మా మా అమ్మా ఒకేలా ఎందుకు దాచేవాళ్ళో ఇప్పుడు తెలిసింది."

ఎమ్రిస్, లూనెడ్, ఇద్దరు కూతుళ్ళు. ఆ మధ్యాహ్నమే రొట్టెల కొట్టు మేగన్ కూడా దొరికింది. ముందున్న ముగ్గురితో కలిపి సరిగ్గా ఎనిమిది. నెస్టా అక్కడితో ఆగాల్సింది. నిజానికి ఆగింది కూడా. ఆగనిది ఎమ్రిస్ నోరు. దగ్గుమందుకి వచ్చినవాళ్ళకీ, నడుం నొప్పికి వచ్చినవాళ్ళకీ ఆ జాబితా చదివి వినిపించాడు. ఊళ్ళో ప్రతివాడూ ఇంటికి పరిగెత్తి అటక మీది బైబిల్ దించాడు. పోస్టు ఇచ్చే మనిషి ప్రోబర్ట్ అని తేలాడు. పళ్ళ డాక్టరు తేలాడు. పోలీసు ఇనస్పెక్టరు అత్తగారు తేలింది, దాంతో ఇనస్పెక్టరు కూడా కొంచెం తేలాడు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "వదినా" అనో "పిన్నీ" అనో నెస్టాని ఆపి, కేకు ఏం చేస్తున్నావని అడగటం మొదలైంది.

జాబితాలో చిట్టచివరి పేరు కారడోగ్, నలభై ఒకటి, మగ. ఆ రోజుల్లో లోయ మొత్తానికి కారడోగ్ ఒక్కడే. హంఫ్రీస్ వంశానికి మూలపురుషుడు. ఆ పేరు చూసిన మొదటిరోజే నెస్టా గుండెల్లో రాయి పడింది. ఎవరికీ చెప్పొద్దని ఎమ్రిస్‌ని బతిమాలింది. ఎవరికీ చెప్పొద్దని చెబుతూ ఎమ్రిస్ అందరికీ చెప్పాడు.

శనివారం సెరిస్ తలుపు కొట్టకుండానే వంటింట్లోకి వచ్చేసింది.

"మా ముత్తాత పేరు మార్చుకుని తిరిగిన దొంగా? చెప్పు!"

"నేననలేదు అక్కా. సర్కారు కాగితంలో..."

"కాగితం పొయ్యిలో పెట్టు! మా పిల్లలు నిన్న రాత్రి భోజనాల దగ్గర ఏమన్నారో తెలుసా? ఈసారి ప్రోబర్ట్ బల్ల దగ్గర కూర్చుంటారట. అసలు రక్తం అదేనట!"

ఆ పిల్లల బాధ వేరు. వాళ్ళలో చిన్నవాడికే నలభై ఏళ్ళు. టీ తాగేముందు సెరిస్ ప్రతి ఏడూ నిలబడి కారడోగ్ సుగుణాలు చదువుతుంది. ఆమె చదవడం అయ్యేసరికి టీ చల్లారిపోతుంది. అలాంటివాళ్ళకి పారిపోయే దారి సర్కారే చూపించాక ఆగుతారా?

"కూర్చోవే సెరిస్, టీ తాగు," అంది గ్వెండా. "మనమూ మనమూ ఒకటే అంటున్నారుగా."

"నేను చచ్చినా మీదాన్ని కాను!" అని సెరిస్ వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు వెయ్యలేదు. చలిగాలి కొట్టి పిండి ఇల్లంతా ఎగిరింది.

అప్పటికి బల్లకి వస్తామన్నవాళ్ళు వంద దాటారు. నెస్టా బడి వంటింటి తాళాలు అడిగి తెచ్చుకుని, రాక్షసిలా కేకులు కాల్చింది. రమీరో గ్యారేజీ తలుపులు ఊడదీసి బల్లలుగా వేశాడు. వాటి మీద గ్రీజు మరకలు కనబడకుండా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పరిచారు. నెస్టాకి నడుం విరిగిపోతోంది, చేతులు కాలాయి, అయినా మనసులో పండగే. గ్వెండా రోజూ ఒకే ప్రశ్న వేసేది: "నిజంగా వాళ్ళంతా మా తాతవాళ్ళేనా?" నెస్టా ఔననేది. ముసలామె ఆ మాట వినడానికే మళ్ళీ అడిగేది.

ఇరవై ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం హాల్లో ప్రోబర్ట్ బల్ల తలుపు దగ్గర మొదలై, హాలంతా చుట్టుకుని, వంటగదిలోకి తిరిగింది. దాని మొదట్లో గ్వెండా, మంచి శాలువా కప్పుకుని, పెళ్ళికూతురిలా కూర్చుంది. వెనక గోడ మీద జనాభా లెక్కల పేజీని నెస్టా పెద్దగా అచ్చు వేయించి అంటించింది. అవతల హంఫ్రీస్ బల్ల దగ్గర సెరిస్, ఆమె మొగుడు, చెల్లెలు మిగిలారు. మొగుడి చూపు కూడా ఇటే ఉంది.

"సెరిస్ అక్కా," అన్నాడు ఎమ్రిస్, ఊరుకోకుండా, "మీరు ముగ్గురే ఉన్నారు. నిబంధన ప్రకారం టూరిస్టుల దగ్గరికి వెళ్ళాలేమో చూడండి."

సెరిస్ ముఖం కందగడ్డయింది. సరిగ్గా అప్పుడే పాటల మాస్టారు టెగై ఆలస్యంగా లోపలికి వచ్చాడు. చర్చి పాటల బృందాన్ని నలభై ఏళ్ళుగా నడిపిస్తున్న మనిషి. గోడ మీద ఏదో కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని పై నుంచి కిందికి చదివాడు. చదువుతూ చదువుతూ చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

"ఇది నీకెక్కడిది నెస్టా? ఎంత బాగా కుదిర్చారే!"

"ఏం కుదిర్చారు మాస్టారూ?"

"వరస! చూడు, మొదటి ఆరుగురూ ఆడవాళ్ళు, పైగొంతు వాళ్ళు. తర్వాత నలుగురు ఆడవాళ్ళు కిందిగొంతు. ఆ వెనక మగవాళ్ళు, ముందు సన్నగొంతులు, చివర బొంగురు గొంతులు. నేను కూర్చోబెట్టేదీ ఇలాగే. మా గురువు గారు కూర్చోబెట్టిందీ ఇలాగే."

"మాస్టారూ, అది కుటుంబం," అంది నెస్టా. 

"ఏ కుటుంబంలోనైనా ఆడపిల్లలందరూ ముందు పుట్టి, మగపిల్లలు తర్వాత పుడతారా? వయసులు చూడు: ఇరవై రెండు, యాభై, పదిహేడు, ముప్పై ఆరు. తల్లి కడుపున పుట్టిన వరసేనా ఇది? పైన తారీఖు పక్కనే రాసి ఉంది చూడు, లెక్కలవాడు వచ్చింది శుక్రవారం. మన పాటల సాధన మొదటి నుంచీ శుక్రవారమే. తలుపు తీసినవాడి ఇంటిపేరు అడిగి రాసుకున్నాడు. లోపల వరసగా కూర్చున్నవాళ్ళని చూసి, మన భాష రాక, అడిగే ఓపిక లేక, కింద గీతలు కొట్టుకుంటూ పోయాడు."

టీ పోస్తున్న మేగన్ కప్పు నిండినా పోస్తూనే ఉంది. లూనెడ్ మొగుడి వైపు తిరిగి, "అయితే మనకేం చుట్టరికం లేదన్నమాట," అని ఊపిరి పీల్చుకుంది. నెస్టాకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. తన సంగతి సరే. అమ్మ ముఖం ఎలా చూడటం? ఇన్ని రోజులూ ఔనమ్మా, ఔనమ్మా అని నమ్మించింది తనే.

"హంఫ్రీస్‌లు అందరూ లేవండి!" అంది సెరిస్, ఆమెదీ బొంగురు గొంతే. "మీ బల్లకి రండి. మిగతావాళ్ళు వంటగది పక్కకి!"

"ఉండవే," అంది గ్వెండా. ఆమె లేచి, కర్ర పట్టుకుని, గోడ దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, మా తాత ఇందులో ఏ గొంతు?"

టెగై మళ్ళీ చూశాడు. "ఏ వరసలోనూ లేడమ్మా. మొదట ఉన్నాడు. తలుపు తీసినవాడంతే."

"మా తాతకి పాట రాదు. ఆయన పాడితే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేవి. మరి వీళ్ళందరినీ తన ఇంట్లోకి ఎందుకు రానిచ్చాడు?"

జవాబూ ఆమే చెప్పింది. "ఒక్కడూ ఉండలేక." ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "నేను చిన్నప్పటి నుంచీ ఆయన రాత్రిళ్ళు ఆ గదిలో ఒక్కడే ఎలా ఉన్నాడా అని ఏడ్చేదాన్ని. ఉండలేదన్నమాట. శుక్రవారం వస్తే ఇల్లు నిండేదన్నమాట. నాకు ఇది చాలే నెస్టా. చుట్టాలైతే బలవంతానికి వస్తారు. వీళ్ళు అలా రాలేదు."

నెస్టా తల్లిని పట్టుకుని బావురుమంది. మేగన్ కప్పు కింద పెట్టి ముక్కు చీదుకుంది. సెరిస్ కూడా అటు తిరిగి ఏదో సర్దుకుంది. కానీ అధ్యక్షురాలు అధ్యక్షురాలే.

"నాకూ బాధగానే ఉంది. అయినా ప్రోబర్ట్‌లు ముగ్గురే. నిబంధన నిబంధనే."

"ముగ్గురని ఎవరన్నారు?" అన్నాడు టెగై. "సర్కారు కాగితంలో వీళ్ళ పెద్దలందరూ ప్రోబర్ట్‌లే. కాదంటే నువ్వు రాజధానికి అర్జీ పెట్టుకో. వాళ్ళు దిద్ది పంపేదాకా ఎవరినీ లేపడానికి వీల్లేదు. జవాబు మన మనవళ్ళ కాలానికి రావచ్చు."

బల్ల పోగొట్టుకున్న చిన్న కుటుంబాలన్నీ కుర్చీలని గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి. హంఫ్రీస్‌లలో పెద్దవాళ్ళు నలుగురు మాత్రం మొహమాటపడి లేచి సెరిస్ వైపు నడిచారు. మిగతావాళ్ళు తమ టీ ఇంకా వేడిగా ఉండటం చూసుకుని, గోడ మీద ఏదో ఆసక్తిగా చదవసాగారు. సెరిస్ వేలితో తన బల్ల లెక్కపెట్టింది. ఏడుగురు. ఇంకోసారి లెక్కపెట్టింది. ఏడుగురే. ఆమె చేత్తో రాసిన నిబంధన ఆమె వెనకే తలుపుకి అంటించి ఉంది. టూరిస్టులు కెమెరాలు సర్దుకుంటున్నారు.

గ్వెండా చూసింది. జాలిపడింది. బల్ల పోతే ఎలా ఉంటుందో ఆమెకంటే ఎవరికి తెలుసు?

"రమీరో! నువ్వెళ్ళి అక్కడ కూర్చో నాయనా."

"నేనా అత్తయ్యా? నేను హంఫ్రీస్‌ని కాదు కదా!"

"ఇక్కడ ఎవరు ఏమిటో ఇందాకటి నుంచి చూస్తూనే ఉన్నావుగా. వెళ్ళు."

రమీరో గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళి, సెరిస్ పక్క కుర్చీ లాక్కున్నాడు.

"ఇంతకీ నేను మీకు ఏ వరస అవుతాను అక్కా?"

"నోరు మూసుకుని తినే వరస," అంది సెరిస్, అతని ముందు పళ్ళెం పెడుతూ.

ఆ విధంగా హంఫ్రీస్ వంశం ఆ ఏడు నిలబడింది. వంశోద్ధారకుడు రెండో ముక్క కేకు అడిగితే సెరిస్ కాదనలేకపోయింది.